గుడ్లమ్మాయి భుజాలు

అత్త తన కొడుకు ప్యాంటు తొడుక్కుని గదిలోంచి బయటికి వచ్చింది. నడుము దగ్గర నిలవకపోతే దండెం తాడు ముక్కతో బిగించుకుంది. కాళ్ల దగ్గర పొడుగైతే మడిచి పిన్నీసులు పెట్టుకుంది. పైన తన భర్త పాత చలికోటు. ఆయన పోయాక దాన్ని పెట్టెలోంచి తీయడం ఇదే మొదటిసారి. అలా గుమ్మంలో నిలబడి, నవ్వితే మర్యాద దక్కదన్నట్టు ఇంట్లో అందరి వంకా ఒక చూపు విసిరింది.

కొడుకు గబుక్కున గోడ వైపు తిరిగి దిండు కొరుక్కున్నాడు. దుకాణాల పేర్ల బోర్డులు బిగించే పని అతనిది. పోయిన వారం నిచ్చెన జారి కాలు విరిగింది. మోకాలి దాకా కట్టుతో మంచానికి అతుక్కుపోయాడు. అతని పక్కన ఆడుకుంటున్న ఏడాదిన్నర పాప మాత్రం భయమూ భక్తీ లేకుండా కిలకిలా నవ్వేసింది.

"నవ్వవే నవ్వు," అంది అత్త మనవరాలితో. "నీ వయసులో నేనూ అలాగే నవ్వాను, ముసలితనంలో ప్యాంటు తొడుక్కోవాల్సి వస్తుందని తెలీక."

కోడలు నవ్వలేదు. ఆమె చేతిలో బండి తాళం ఉంది. దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది.

సంగతేమిటంటే, తలుపు మూసిన బండి ఏదీ అత్తకు పడదు. బస్సయినా కారయినా అంతే. ఎక్కిన కాసేపటికే కడుపులోది నోట్లోకి వస్తుంది, కళ్లు తేలేస్తుంది. ఒళ్లు తెలియకుండా పడిపోయిన రోజులూ ఉన్నాయి. గాలి ధారాళంగా తగిలే బండి అయితేనే ఆవిడ మనిషిగా ఉంటుంది. ఈ జబ్బు వల్లే సొంత అక్కతో మాటలు పోయాయి. అక్క కూతురి పెళ్లికని బస్సెక్కి, సగం దారిలో దిగిపోయి, ఇటుకల లారీ వెనక కూర్చుని ఇంటికి తిరిగొచ్చింది. అక్క నమ్మలేదు. "వాంతుల వంక పెట్టి నా కూతురి పెళ్లి ఎగ్గొట్టింది," అని అందరి ముందూ అంది. ఆ మాట చెవిన పడ్డాక చెల్లెలు కూడా ఒంటికాలి మీద లేచింది. అంతే, అక్కడితో సరి. ఇద్దరిదీ ఒకటే రక్తం, ఒకటే మొండితనం.

మొన్న అక్క కొడుకు ఫోను చేశాడు. "పిన్నీ, సోమవారం పొద్దున్నే అమ్మకు ఆపరేషను. గొంతులో మాట పెట్టె తీసేస్తారట. ప్రాణానికి ఫర్వాలేదన్నారు గానీ ఇంక మాట రాదు. ఈలోగా నీతో ఏదో చెప్పాలంటోంది."

"ఏం చెప్పాలిట?"

"నాకు చెప్పదట. నీకే చెబుతుందట. ఉండు, ఫోను ఇస్తున్నా."

అత్త ఫోనును చెవికేసి నొక్కుకుని చాలాసేపు విన్నది. తలుపు సందులోంచి గాలి దూరుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. "అక్కా, గట్టిగా అనవే," అంది. మళ్లీ అదే గాలి. "అక్కా, ఒక్కసారి అనవే," అంది. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. వెళ్లి, అక్క నోటి దగ్గర చెవి పెట్టి వినాల్సిందే అంది.

పొద్దున బయల్దేరితే సాయంత్రానికి గానీ చేరని ఊరు అది. మధ్యలో కొండ, దాని మీద పాము మెలికల్లాంటి మలుపులు. కొడుకు కాలు బాగుంటే తనే తీసుకెళ్లేవాడు. అడిగిన ఇద్దరు ముగ్గురూ ఆ కొండ దారికి, అంత వయసు మనిషిని వెనకేసుకుని అనేసరికి తల గోక్కున్నారు. "లారీ వెనక ఎక్కి పోతాలేరా," అంది అత్త. కొడుకు ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడే, ఎవరి వంకా చూడకుండా, "కోడలుంది కదా," అంది.

కొడుకు దిండు మీద నుంచి తలెత్తి తల్లి వంక వింతగా చూశాడు. ఎందుకంటే కోడలు మోటారుసైకిలు నడపడం మీద ఈ ఇంట్లో జరిగినన్ని గొడవలు మరి దేని మీదా జరగలేదు. కోడలిది గుడ్ల గోదాములో పని. తెల్లారగానే మొగుడి బండి వెనక ట్రేల దొంతర కట్టుకుని ఊళ్లో హోటళ్లకీ బేకరీలకీ వేసి వస్తుంది. సందుగొందుల్లో, గతుకుల్లో, దొంతరను వీపుతో కాచుకుంటూ మెల్లగా నడుపుతుంది. పగిలిన గుడ్డుకి జవాబు చెప్పుకోవాల్సిన అగత్యం ఆమెకెప్పుడూ రాలేదు. ఊరంతా 'గుడ్లమ్మాయి' అని ముద్దుగా పిలుస్తారు. అత్త ఒక్కతే, "ఈ సర్కసు మన ఇంటా వంటా లేదు," అని సణుగుతూ ఉండేది. ఇంతవరకూ ఆ బండి వెనక సీటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

అలాంటావిడ ఇప్పుడు ప్యాంటు తొడుక్కుని నిలబడింది. రేపు తెల్లవారుజామున ప్రయాణం. ఈ మధ్యాహ్నం ఒకసారి ఊరి చివరిదాకా వెళ్లి రావాలని, వెనక కూర్చోవడం అలవాటు చేసుకోవాలని అనుకున్నారు.

"అత్తయ్యా, జాగ్రత్తగా వినండి," అంది కోడలు వాకిట్లో బండి నిలబెట్టి. "రెండు పక్కలా కాళ్లు వేసుకోండి. నా భుజాలు పట్టుకోండి. కళ్లు నా భుజాల మీదే ఉండాలి. నా భుజం ఎటు పోతే మీ భుజమూ అటే పోవాలి. మీ సొంత తెలివి ఏమీ వాడొద్దు."

"నాకు సొంత తెలివి లేదని నువ్వెప్పుడూ అంటూనే ఉంటావుగా, ఇప్పుడు పనికొచ్చింది," అంది అత్త, ఎత్తు పీట మీద నుంచి సీటెక్కుతూ. హెల్మెట్ పెట్టబోతే ఒప్పుకోలేదు. "అదీ తలుపు మూసిన బండే. లోపల ఊపిరాడదు." కోడలు దాని ముందు అద్దం ఊడదీసి ఇచ్చాక పెట్టుకుంది.

ఊళ్లో ఉన్నంతసేపూ బాగానే నడిచింది. ఊరి చివర కోత మిల్లు దాటగానే రోడ్డు ఎడమకు బాగా మలుపు తిరుగుతుంది. రేపటి కొండ దారికి ఇదే నమూనా అనుకుని కోడలు కాస్త వేగంగానే వంచింది. బండి వంగింది గానీ తిరగలేదు. ఎవరో అవతలికి లాగుతున్నట్టు రోడ్డు మధ్యకు పోయింది. అప్పుడే దుంగలు మోసుకుంటూ లారీ ఎదురొచ్చింది. దాని హారన్ చెవుల్లో కాదు, పొట్టలో మోగింది. ఆమె బ్రేకు తొక్కిందో, హ్యాండిల్ తిప్పిందో, ఏం చేసిందో ఆమెకే తెలీదు. లారీ గాలి చెంప మీద కొట్టి వెళ్లిపోయింది. బండి అవతలి అంచున కంకరలో ఆగింది.

కోడలు రెండు కాళ్లూ నేలకు ఆనించింది. కళ్ల ముందు మొట్టమొదట కనబడింది పాప మొహం. పాపకు ఇంకా పాలు మాన్పలేదు. రాత్రి నిద్రలో వెతుక్కుంటూ మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి ఖాళీ పక్క మీద పడినట్టు అనిపించింది.

వెనక్కి తిరిగి అరిచేసింది. "నేను ఎడమకి తిరుగుతుంటే మీరు కుడికి వాలితే ఎలాగండీ? నా భుజం చూడమన్నానా లేదా? ఇద్దరం పోయేవాళ్లం!"

అత్త నోరు తెరిచింది. మళ్లీ మూసింది. "సరేలే, తప్పే," అంది మెల్లగా. "మళ్లీ చెయ్యను."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ నోట 'తప్పే' అనే మాట కోడలు వినలేదు. లారీ కన్నా దానికే ఎక్కువ బెదిరింది. మరీ భయపడిపోయింది కాబోలు అనుకుని, వెనక్కి తిరిగి అదే మలుపు మళ్లీ నెమ్మదిగా వేసింది. అప్పుడూ అంతే. బండి మధ్యకే పోయింది. ఈసారి ఎదురుగా ఎవరూ రాలేదు గనుక సరిపోయింది.

ఇంటికొచ్చి తాళం కిటికీలో పడేసింది. "నావల్ల కాదండీ," అంది మొగుడితో. "అత్తయ్య భయంతో అవతలికి వాలిపోతున్నారు. ఇక్కడే ఇలా ఉంటే కొండ మీద ఏమైపోతాం? ఒక పక్క లోయ."

"నిదానంగా పోతే?"

"నిదానంగానే పోయాను రెండోసారి."

"అమ్మా, ఏమే నువ్వు," అన్నాడు అతను వంటింటి వైపు గొంతు పెంచి. "ఆ వాలడమేదో చెప్పినట్టు వాలొచ్చుగా!"

వంటింట్లోంచి సంచి జిప్పు చప్పుడైంది, అంతే. వేస్తోందో తీస్తోందో తెలీలేదు.

అతను కాసేపు కట్టు మీద గోళ్లతో గీసుకున్నాడు. "ఒకసారి చెవి మేస్త్రికి చూపించు. బండి గానీ లాగుతోందేమో. అది కూడా కాదంటే ఫోను చేసి రాలేమని చెప్పేస్తాను. ఏం చేస్తాం."

మూల వీధిలో బళ్లు బాగుచేసే షెడ్డు మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద, పిడి చెవికి ఆనించుకుని, డాక్టరు గుండె విన్నట్టు వింటాడు. మనుషులు చెప్పేది మాత్రం సగమే వింటాడు. బండిని స్టాండు వేసి చక్రాలు తిప్పాడు, గొలుసు బిగువు చూశాడు, దారం పట్టి రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశాడు. వెనక టైరులో ఇద్దరి బరువుకి సరిపడా గాలి కొట్టాడు. క్లచ్చి తీగ కొత్తది వేసి, పాతదాన్ని పారెయ్యకుండా దాని పక్కనే చుట్టి కట్టాడు.

"ఇదెందుకు?"

"దారిలో కొత్తది తెగితే ఇది తగిలించుకో. కొండ మీద నా షెడ్డు లేదుగా." చేతులు తుడుచుకున్నాడు. "బండిలో ఏ లోపమూ లేదు చెల్లెమ్మా. నిక్కచ్చిగా ఉంది."

"అయితే మా అత్తగారే."

"కావచ్చు. భయస్తులు అట్లాగే చేస్తారు. తేల్చుకోవాలంటే మనిషిని వద్దు, ఇసుక బస్తా కట్టుకుని పో. బస్తాకి భయముండదు, కోడలి మీద కోపమూ ఉండదు."

షెడ్డు పక్కన ఇల్లు కడుతున్నారు. మేస్త్రి వాళ్లనడిగి ఒక బస్తా ఇసుక తెచ్చి, మనిషి కూర్చునే చోట నిలబెట్టి తాళ్లతో బిగించాడు. "నమస్కారం అత్తగారూ," అని దానికి దండం పెట్టాడు. కోడలికి ఈసారీ నవ్వు రాలేదు. లోపల్లోపల మాత్రం ఒక ఆశ ఉంది. బస్తాతో బండి సరిగ్గా తిరిగిందంటే తప్పు తనది కాదని తేలిపోతుంది. వెళ్లకపోయినా ఎవరూ తనను వేలెత్తి చూపరు. అలా అనుకున్నందుకు తన మీద తనకే కాస్త అసహ్యమూ వేసింది. అయినా అనుకుంది.

కోత మిల్లు దగ్గరికి వచ్చేసరికి పొద్దు బాగా వాలింది. మలుపు పొడుగునా మిల్లు రేకుల గోడ ఉంది. ఎండ వెనక నుంచి పడి గోడంతా పసుపుపచ్చగా వెలుగుతోంది. ముందూ వెనకా చూసుకుని బండిని ఎడమకు వంచింది.

రేకుల మీద నీడ కనబడింది. బండి నీడ ఎడమకు వంగి ఉంది. దాని మీద కూర్చున్న మనిషి నీడ కుడికి ఒరిగి ఉంది. పక్కకు నెట్టిన గుమ్మం తలుపులా విడిగా, అడ్డంగా.

బస్తా కాదు. బస్తా బండితో పాటే వంగి, ఎలా కట్టారో అలాగే ఉంది. ఒరిగింది తను.

బండి రోడ్డు మధ్యకు పోయింది. ఆమె ఆపేసి, ఇంజను కట్టేసి, అలాగే కూర్చుండిపోయింది. వీపు ఇసుక బస్తాకి గట్టిగా ఆనుకుని ఉంది. ఎప్పుడు ఆనుకుందో తెలీదు. ట్రేల దొంతర ఎడమకు జారబోతే కుడికి ఒత్తిగిలి వీపుతో ఆపడం, కుడికి జారబోతే ఎడమకు ఒత్తిగిలడం. తాడు ఎంత బిగించినా, చివరికి గుడ్లను ఆపేది ఆమె వీపే. రోజూ చేసే పని. ఊళ్లో నత్తనడకన పోయేటప్పుడు దానివల్ల ఏ నష్టమూ లేదు. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు మాత్రం అది బండిని అవతలికి ఈడుస్తుంది. గుడ్లు లేకపోయినా ఒంటికి ఆ సంగతి తెలీదు.

నా భుజం ఎటు పోతే మీ భుజమూ అటే పోవాలి. ఆ మాట అన్నది తనే. అత్త అక్షరాలా అలాగే చేసింది.

బస్తా షెడ్డులో దింపేసి ఇంటికొచ్చేసరికి అత్త మామూలు బట్టల్లోకి మారిపోయి, పాపకు జోల పాడుతోంది. ప్యాంటు మడతపెట్టి కుర్చీ మీద ఉంది. సంచిలోంచి తీసిన బట్టలు పక్కన దొంతరగా ఉన్నాయి.

కోడలు చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడింది. "అత్తయ్యా, తప్పు మీది కాదు. నాది. అవతలికి వాలుతున్నది నేనే."

అత్త పాప వీపు నిమురుతున్న చెయ్యి ఆగింది. "తెలుసు," అంది.

"తెలుసా? ఎప్పటి నుంచి?"

"మొదటి మలుపు నుంచే. నీ భుజం చూడమన్నావు, చూశాను. రోడ్డు ఇటు పోతుంటే అది అటు పోతోంది. నీకు తెలిసే చేస్తున్నావేమో, బండి మర్మం నాకేం తెలుసు అనుకున్నా ముందు. లారీ వచ్చాక అర్థమైంది."

"మరి తప్పు మీదేనని ఎందుకు ఒప్పుకున్నారు?"

అత్త పాప తలని ఒళ్లోకి సర్దుకుంది. "నీ తప్పంటే నువ్వు బండి దిగిపోతావు. నా తప్పంటే, నన్ను తిట్టుకుంటూ అయినా తీసుకెళ్తావనుకున్నాను. రేపు కొండ మీద నేనే ఎట్లాగో సర్దుకుని కూర్చుందాంలే అని..."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎట్లాగో ఎట్లా? లోయలో పడ్డాక సర్దుకుంటారా? మీకు మీ అక్క కావాలి, బాగానే ఉంది. నాకు పాలు తాగే పిల్ల ఉంది! అది కళ్లకి కనబడలేదా మీకు? ఒళ్లో పెట్టుకుని జోల పాడుతున్నారే, దీనికి తల్లి ఉండాలనుకోలేదా?"

మంచం మీద అతను లేవబోయి, కాలు గుర్తొచ్చి, "ఇదిగో, నెమ్మది," అన్నాడు.

"నన్ను నెమ్మదనకండి!"

కేకలకు పాప లేచి ఏడుపు మొదలెట్టింది. కోడలు ఒక్క ఉదుటున వచ్చి అత్త ఒళ్లోంచి పిల్లను లాక్కున్నంత పని చేసింది. అత్త ఖాళీ అయిన ఒళ్లోకి చూసుకుంటూ, "నిజమే," అంది. "నాకు మా అక్క గొంతు తప్ప ఇంకేం వినబళ్లేదు. నీ మాట ఆలోచించలేదు. వద్దులేమ్మా. ఫోను చేసి చెప్పెయ్‌రా," అని కొడుక్కి చెప్పింది.

అతను ఫోను తీశాడు. నంబరు నొక్కకుండా చేతిలో పట్టుకుని పెళ్లాం వంక చూశాడు.

కోడలు వాకిట్లోకి వెళ్లి నిలబడింది. పాపను ఎడమ చంకనేసుకుని అటూ ఇటూ ఊపుతోంది. కోపం చల్లారలేదు. చల్లారకూడదనే అనుకుంటోంది. ఎదురుగా కిటికీ అద్దంలో తన బొమ్మ కనబడింది. ఎడమ నడుం మీద పిల్ల, కుడికి ఒరిగిన భుజం. పిల్లను కుడి చంకకి మార్చింది. భుజం ఎడమకు ఒరిగింది. మళ్లీ మార్చింది. మళ్లీ ఒరిగింది. చెప్పకుండానే, అడక్కుండానే.

ఇది గుడ్ల దగ్గర నేర్చుకున్నది కూడా కాదన్నమాట. అంతకు ముందుదే. పిల్లను ఎత్తుకున్న ఆడవాళ్లందరూ ఇలాగే నిలబడతారు. బరువు ఒక పక్క ఉంటే తను రెండో పక్క. దీన్ని ఒక్క పూటలో ఒంట్లోంచి ఎలా తీసేస్తుంది? తీసెయ్యలేదు. తీసెయ్యలేనప్పుడు ఎవరైనా గుర్తు చేస్తూ ఉండాలి. వెనక కూర్చుని, తన భుజాలు చూసి, తప్పుంటే తప్పని మొహం మీద అనేవాళ్లు ఉండాలి.

అలా అనేవాళ్లు ఈ ఊళ్లో ఒక్కరే ఉన్నారు. ఇవాళ, అనాల్సినప్పుడు, అనకుండా ఊరుకున్నారు.

లోపలికొచ్చింది. "ఫోను పెట్టెయ్యండి," అంది మొగుడితో. తర్వాత అత్త వైపు తిరిగింది. "ఇంకా వెలుతురుంది. గోదాము వెనక ఖాళీ స్థలం ఉంది, బళ్లు రావు. పడినా మట్టే. అక్కడ కుదిరితేనే రేపు. కుదరకపోతే నన్నేమీ అనకూడదు, మీ మనసులో కూడా."

అత్త తలెత్తింది.

"ఒక మాట మాత్రం ఇవ్వాలి. మలుపు ఎటుంటే అటు పక్క నా భుజం నొక్కాలి మీరు, నేను వంచకముందే. నేను అటు పోకపోతే గట్టిగా నొక్కాలి, అరవాలి. ఏం కనబడితే అది చెప్పెయ్యాలి. నేను బాధపడతాననీ, దిగిపోతాననీ దాచకూడదు. బండి మీద మొహమాటం పనికిరాదు."

"మొహమాటమా!" అంది అత్త, ప్యాంటు అందుకుంటూ. "నాకా!"

మంచం మీద అతను ఆ మధ్యాహ్నం నుంచి బిగబట్టుకున్న నవ్వు అప్పుడు నవ్వాడు.

గోదాము వెనక పగిలిన గుడ్ల పెంకులు కుప్పలు పోసే స్థలం అది. ఎండిన పెంకులు టైర్ల కింద చిటపటలాడాయి. కోడలు పాత ట్రేలను అక్కడక్కడా పెట్టి మలుపులు కట్టింది. మొదటి మూడుసార్లూ భుజం మొండికేసింది. ఒకసారి బండి ఒరిగిపోయి ఇద్దరూ కాళ్లు నేలకానించి ఆపుకోవాల్సి వచ్చింది. అత్త చేతులు మొదట పిట్ట వాలినట్టు వాలాయి. "ఇంకా గట్టిగా," అంది కోడలు. ఆ తర్వాత పడ్డ దెబ్బకి కెవ్వుమంది. "ఎడమ అంటుంటే చెవుల్లో ఏం పెట్టుకున్నావే!" అని వెనక నుంచి గొంతు లేచింది. ఎన్నాళ్లుగానో వంటింట్లో వింటున్న గొంతే. అది విని ఇంత ధైర్యం రావడం ఇప్పుడే. చీకటి పడేవేళకి ట్రేల మధ్య నుంచి బండి వంగి, తిరిగి, నిలబడడం మొదలెట్టింది. ప్రతిసారీ కాదు. పడిన దెబ్బ సరిగ్గా పడినప్పుడు.

"చాలా?" అని అడిగింది అత్త దిగాక, మోకాళ్లు పట్టుకుని. అడగడంలో ఆదుర్దా దాచలేదు.

కోడలు ఒక ట్రే ఎత్తి పక్కన పెట్టింది. "కొండ దగ్గరికి వెళ్లాక నాకు భయం వేస్తే బండి ఆపేస్తాను. అక్కడి నుంచి నడవాలన్నా నడుద్దాం. సరేనా?"

"నడుద్దాం," అంది అత్త. "నడక నాకు పడుతుంది."

తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు పాప నిద్రలోనే ఉంది. కోడలు పాలిచ్చి, ఇచ్చిన పక్క నుంచి మెల్లగా జరిగి, ఆ చోట తన నిన్నటి జాకెట్టు చుట్టి పెట్టింది, వాసనకి. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి సలుపుతాయని తెలిసి రెండు మెత్తని గుడ్డలు మడిచి లోపల పెట్టుకుంది. పక్కింటావిడ వీళ్లు తిరిగొచ్చేదాకా తోడుంటానంది. అయినా సీసా ఎలా పట్టాలో, ఏడిస్తే ఏ పక్కకి పడుకోబెట్టాలో మొగుడికి మళ్లీ మళ్లీ చెప్పింది.

"నిన్నటి నుంచి ఇది ఎన్నోసారి?" అన్నాడతను, చంక కర్ర మీద కిటికీ దాకా వచ్చి నిలబడి. మొహం మాత్రం పాలిపోయి ఉంది. "ఆగినచోటల్లా ఫోను చెయ్యి. అమ్మా, నువ్వు..."

"నేను నోరు మూసుకోను," అంది అత్త. "మాటిచ్చాను."

ఊరు ఇంకా పూర్తిగా లేవలేదు. గోదాము దగ్గర దీపాలు వెలుగుతున్నాయి. కోత మిల్లు రంపం అప్పుడే తిరగడం మొదలెట్టింది. దూరం నుంచే మలుపు కనబడింది. దాని అవతలి నుంచి ఒక దుంగల లారీ దీపాలు, రెండు కళ్లలా, పెరుగుతూ వస్తున్నాయి. కోడలు వేగం కాస్త తగ్గించింది. ఆపేద్దామా? లారీ పోయాక వెళ్దామా? కొండ మీద అయితే ఏ లారీ పోయేదాకా ఆగుతుంది, ఎన్నిటికని ఆగుతుంది?

ఆమె ఒళ్లు, ఆమెను అడక్కుండానే, కుడికి సర్దుకోబోయింది.

ఎడమ భుజం మీద అరచెయ్యి పడింది. నొక్కింది. పిండి పిసికినట్టు, తన బరువంతా వేసి నొక్కింది. "ఇటు!" అని చెవి పక్కన కేక. "ఇటు, ఇటు, ఇటు, నా తల్లే!"

భుజం కిందికి దిగింది. దాని వెంట నడుం, నడుం వెంట బండి. వెనక మనిషి బరువు కూడా అదే పక్కకి, అదే క్షణాన వాలింది. రోడ్డు అంచు తెల్లగీత ముందు చక్రం పక్కనే, గీసినట్టు, వంపు తిరుగుతూ వచ్చింది. లారీ తన దారిన తను హోరుమంటూ పోయింది. దాని గాలి తగిలింది గానీ చెంప మీద కొట్టలేదు.

మలుపు అయిపోయి రోడ్డు తిన్నగా సాగింది. కోడలు ఊపిరి వదిలింది. ఎంతసేపటి నుంచి బిగబట్టిందో.

"బానే ఉంది," అంది అత్త చివరికి, గాలిలో గొంతు చించుకుంటూ. "ఆ కుడి భుజం మాత్రం ఇంకా మాట వినట్లేదు."

"మీరు చెబుతూనే ఉండండి," అని అరిచింది కోడలు.

దూరంగా, ఇంకా మసకగా, కొండ కనబడుతోంది. వెనక నుంచి ఇంకేవో మాటలు వినబడ్డాయి. తనతో అంటోందేమోనని కోడలు కాస్త తల వెనక్కి తిప్పింది. తనతో కాదు. "నువ్వేం చెప్పినా చెప్పక్కా," అంటోంది అత్త గాలితో, హెల్మెట్ లోపల నుంచి, మొదలెట్టిన చోటికే మళ్లీ మళ్లీ వస్తూ. "ముందు నువ్వు చెప్పు. నేను తర్వాత." చేతులు మాత్రం, తర్వాతి మలుపు కోసం, రెండు భుజాల మీదా సిద్ధంగా ఉన్నాయి.